రయ్యతు నుండి పౌరుడి వరకు

మన కళాశాలలో తెలుగు, ఉర్దూ భాషలు ఒకే కప్పు క్రింద పాఠం చెప్పుకొంటున్నవి. ఆ రెండు భాషల నిఘంటువులను పక్కపక్కన పెట్టి చూచిన విద్యార్థికి ఒక వింత సామ్యం కనిపిస్తుంది. రాజుకు లోబడి బ్రతికే మనిషిని తెలుగువారు 'ప్రజ' అన్నారు. సంస్కృతంలో ఆ మాటకు సంతానమని అర్థం. అరబ్బీ, పారసీ భాషల మీదుగా ఉర్దూకు వచ్చిన 'రయ్యత్' అనే మాటకు మూలార్థం కాపరి మేపే మంద. మన మెట్ట పొలాలలో మడక దున్నే 'రైతు' ఆ రయ్యతుకు పుట్టిన మాటే. తండ్రి చెప్పినట్లు సంతానం వినవలె. కాపరి తోలిన దిక్కుకు మంద పోవలె. ఐతే హక్కులు గల మనిషికి పేరు పెట్టవలసి వచ్చినపుడు, తెలుగు 'పురము' అనే మాట నుండి పౌరుణ్ణి తెచ్చుకొన్నది. ఉర్దూ 'షహర్' అనే మాట నుండి షహ్రీని తెచ్చుకొన్నది. రెండు మాటలకూ అర్థం పట్టణవాసి అనే. రెండు భాషలూ ఒకే దారిన నడిచినవి.

మాట మారినంత సులభంగా మనిషి స్థితి మారలేదు. రయ్యతు పౌరుడు కావడానికి మన దేశంలో నూటయాభై సంవత్సరాలు పట్టినది. ఆ చరిత్రను న్యాయశాస్త్ర విద్యార్థులకే విడిచిపెట్టడం మంచిది కాదని నా అభిప్రాయం. ఉదయగిరి, ఆత్మకూరు వంటి చోట్ల చదువుకొనే పిల్లలకు అది తెలియవలసిన అవసరం నేడు మునుపటికంటె ఎక్కువగా ఉన్నది. ఎందుకన్నది క్రమంగా మనవి చేస్తాను.

ఉదయగిరి దుర్గం ఎందరు ప్రభువులను చూచినదో చెప్పనవసరం లేదు. గజపతుల చేతి నుండి 16వ శతాబ్ది ఆరంభంలో శ్రీకృష్ణదేవరాయల చేతికి, ఆ పిమ్మట గోల్కొండ సుల్తానులకు, మొగలాయీలకు, ఆర్కాటు నవాబులకు అది దక్కినది. 1801లో కర్ణాటక నవాబుతో కుదిరిన ఒడంబడిక వలన నెల్లూరు సీమ ఈస్టిండియా కంపెనీ పరమైనది. 1839–40 నాటి కర్నూలు నవాబు వ్యవహారంలో చిక్కుకొని ఉదయగిరి జాగీరుదారు తన జాగీరును పోగొట్టుకొన్నాడు. ఇన్ని మారులు ప్రభువులు మారినా, "నీకు ఇష్టమేనా?" అని కొండ క్రింది పల్లెలవారిని ఎవరూ అడిగి ఉండరు. రాత్రి ఒకరి రయ్యతుగా పడుకొన్నవాడు తెల్లవారి మరొకరి రయ్యతుగా లేచినాడు. కోటతోపాటు మనిషీ చేతులు మారినాడు.

ఇది మన దేశానికే ప్రత్యేకమైన రీతి అనుకోవడం పొరపాటు. ఇంగ్లండు న్యాయస్థానం 1608లో కాల్విన్ వ్యాజ్యంలో ప్రకటించిన సూత్రం కూడా దాదాపు ఇదే. రాజు విధేయతలో పుట్టినవాడు ఆ రాజుకు ప్రజ అవుతాడు. ఆ బంధం పుట్టుకతోనే వస్తుంది. స్కాట్లండులో పుట్టిన ఒక పసివాడు ఇంగ్లండులో పరదేశీయుడు కాడని చెప్పడానికి ఏర్పడిన ఆ సూత్రమే, కాలక్రమాన సముద్రాలు దాటి సామ్రాజ్యమంతటికీ వ్యాపించినది. 1914లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన 'బ్రిటిష్ జాతీయత, పరదేశీయుల ప్రతిపత్తి చట్టం' దానిని అక్షరబద్ధం చేసినది. చక్రవర్తి రాజ్యభాగాలలో, ఆయన విధేయతలో, ఎక్కడ పుట్టినా వాడు సహజ బ్రిటిష్ ప్రజ. అంటే ఆత్మకూరులో పుట్టిన కూలివాని బిడ్డకూ, లండనులో పుట్టిన ప్రభువు బిడ్డకూ చట్టం పెట్టిన పేరు ఒక్కటే.

వినడానికి ఎంత సొంపుగా ఉన్నది! ఐతే అడుగు తీసి అడుగు వేస్తే ఆ సొంపు మాయమవుతుంది. మన ఉదయగిరి నుండి వెలిగొండలు దాటి, కడప సీమ మీదుగా పోతే బనగానపల్లె వస్తుంది. 1948లో విలీనమయ్యే వరకు అది నవాబు సంస్థానం. అక్కడ పుట్టినవాడు బ్రిటిష్ ప్రజ కాడు. 'బ్రిటిష్ రక్షిత వ్యక్తి' మాత్రమే. నైజాం రాజ్యంలో పుట్టిన లక్షలాది తెలుగువారి స్థితీ అంతే. రెసిడెంటు దొర మాట కాదనే స్వేచ్ఛ వారి ప్రభువులకు లేదు. కాని చట్టం దృష్టిలో వారి పుట్టుక సామ్రాజ్యానికి వెలుపలిది. తూర్పున గోదావరి పాయ ఒడ్డునున్న యానాములో పుట్టిన తెలుగువాడు ఫ్రెంచివారి ప్రజ. అక్కడ 1881 నాటి ఉత్తరువు ప్రకారం, తన కుల మతాచారాల చట్టాన్ని వదలుకొని ఫ్రెంచి సివిల్ కోడుకు లోబడతానని ప్రకటించినవానికి ఒక అంతస్తు, అట్లు ప్రకటించనివానికి మరొక అంతస్తు. ఒకే భాష మాట్లాడి, ఒకే సంగటి తినే జాతి మూడు రకాల చట్టాల క్రింద మూడు పేర్లు మోసినది.

ఇక పరదేశీయుడు వచ్చి బ్రిటిష్ ప్రజగా మారే పద్ధతి, అనగా సహజీకృత పౌరసత్వం, ఎట్లుండెడిదో చూడండి. 1870 నాటి చట్టం ప్రకారం ఒక వలసరాజ్యం ఇచ్చిన సహజీకృత పత్రం ఆ రాజ్యపు ఎల్లల వరకే చెల్లేది. నాటాలులో బ్రిటిష్ ప్రజ అయినవాడు ఓడ ఎక్కి మరొక రేవులో దిగితే మళ్ళీ పరదేశీయుడే. 1914 చట్టం ఈ చిక్కును విప్పి, సామ్రాజ్యమంతటా చెల్లే పత్రాన్ని ప్రవేశపెట్టినది. అదైనా స్వపరిపాలన గల డొమినియన్లు ఒప్పుకొంటేనే అక్కడ చెల్లుతుంది. దానికి అయిదేండ్ల నివాసం, సత్ప్రవర్తన, విధేయతా ప్రమాణం కావలె. వాటితోపాటు ఆంగ్లభాషా జ్ఞానం కావలె. కొన్ని రాజ్యభాగాలలో ఆంగ్లంతో సమాన ప్రతిపత్తి గల భాషకు మినహాయింపు ఉండెను. కోట్లమంది మాట్లాడే మన భాషలకు ఆ ప్రతిపత్తి లేదు. ఆంగ్లం రాని మన తాతలు పుట్టుకచేత బ్రిటిష్ ప్రజలైనారు. దరఖాస్తు పెట్టుకొనవలసి వస్తే వారిలో ఎందరు ఆ పరీక్షలో నెగ్గేవారో ఊహించుకొనవచ్చు.

పేరు ఒకటే ఐనప్పుడు హక్కులు కూడా ఒకటేనా? ఈ ప్రశ్నకు జవాబు ఇచ్చినవారు పండితులు కారు, సముద్రం దాటిన కూలీలు. 1860 నవంబరులో మద్రాసు నుండి తొలి ఒప్పంద కూలీల ఓడ నాటాలు చేరినది. 1911 వరకు అట్లు పోయినవారు లక్షన్నర మందికి పైబడి ఉన్నారు. వారిలో అధికసంఖ్యాకులు మద్రాసు రేవు నుండి పోయిన తమిళులు, తెలుగువారు. అందరూ బ్రిటిష్ ప్రజలే. పోయినదీ బ్రిటిష్ రాజ్యానికే. ఒప్పందం తీరి, స్వేచ్ఛ పొంది, నాలుగు గజాల నేల సంపాదించుకొనగానే వారు కంటిలో నలుసులైనారు. 1896లో వోటు హక్కుకు అడ్డుకట్ట పడినది. 1897లో వలస నియంత్రణ చట్టం వచ్చినది. అందులో భారతీయుల పేరెత్తలేదు. ఏదైనా ఒక ఐరోపా భాషలో దరఖాస్తు వ్రాయగలిగి ఉండవలెనన్నారు, అంతే. పేరెత్తకుండా తలుపు మూసే విద్య అది. 1913 మార్చిలో కేప్ న్యాయమూర్తి సెర్ల్ ఇచ్చిన తీర్పు మరింత దారుణమైనది. బహుభార్యాత్వానికి తావిచ్చే మతాల పద్ధతిలో జరిగిన పెండ్లి అక్కడ చెల్లదన్నాడు. ఆ వ్యాజ్యం ఒక ముస్లిం భార్య ప్రవేశం గురించినది. ఐనా దెబ్బ తగిలినది హిందువులకు, ముస్లిములకు, పార్సీలకు సమానంగా. ఆ ఏడు స్త్రీలు సైతం సత్యాగ్రహంలో దిగి జైళ్ళకు పోయినారు. 1914లో భారతీయుల ఉపశమన చట్టం వచ్చిన తరువాతనే ఆ అవమానం కొంత తొలగినది. 1858 నాటి రాణి ప్రకటనలో అందరు ప్రజలనూ సమానంగా చూతుమని మాట ఇచ్చినారు గదా అని గాంధీజీ పదే పదే గుర్తు చేసినాడు. మాట కాగితం మీద భద్రంగానే ఉన్నది. తలుపు మాత్రం తెరచుకొనలేదు.

మన పొరుగు ఉదాహరణ ఒకటి చెప్పుకొందాం. దరిశి చెంచయ్య గారిది కనిగిరి. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడే వరకు కనిగిరి మన నెల్లూరు జిల్లాలోనిదే. ఆయన 1912లో పైచదువులకు అమెరికా పోయి, అక్కడ గదర్ పార్టీలో చేరినారు. అమెరికాలో ఆసియావాసికి పౌరసత్వపు తలుపు ఇరుకైనది. 1923లో భగత్ సింగ్ థిండ్ వ్యాజ్యంలో అమెరికా సుప్రీంకోర్టు, భారతీయుడు చట్టం చెప్పే 'శ్వేతజాతీయుడు' కాడు గనుక సహజీకృత పౌరసత్వానికి అర్హుడు కాడని తీర్చినది. 1946లో చట్టం మారే దాకా ఆ తలుపు మూసే ఉన్నది. అక్కడ పౌరుడు కాలేడు. ఇక్కడ పౌరుడు అనేవాడే లేడు, ఉన్నది ప్రజ మాత్రమే. స్వాతంత్ర్యం కోరినందుకు చెంచయ్య గారిని బంధించి, 1919 వరకు చెరలో ఉంచినారు. బ్రిటిష్ ప్రజకు హక్కుల మాట వచ్చినపుడు ఆ పేరు పనికిరాలేదు. విధేయత తప్పినాడని శిక్షించడానికి మాత్రం భేషుగ్గా పనికివచ్చినది. సామ్రాజ్య జాతీయతలోని గుట్టు అంతా ఇంతే.

బర్మా కథ మనవారికి మరింత దగ్గరది. 1937 ఏప్రిల్ 1 వరకు బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. కోరంగి రేవు పేరు మీద అక్కడివారు తెలుగువానిని 'కోరంగీ' అని పిలిచేవారు. రంగూను రేవులో మూటలు మోసినవారు, ధాన్యపు మిల్లులలో పనిచేసినవారు వారే. స్వదేశంలో ఒక జిల్లా నుండి మరొక జిల్లాకు పోయినట్లు పోయినవారు 1937లో ఒక గీతతో విదేశంలో మిగిలినారు. 1942లో జపాను సైన్యాలు రాగానే వేలకు వేలు కాలినడకన కొండలు, అడవులు దాటివచ్చినారు. దారిలో రాలిపోయినవారు అనేకులు. 1948లో బర్మా స్వతంత్రమై తన పౌరసత్వ చట్టం చేసుకొన్నది. ఎన్నేండ్లుగా ఉన్నావో నిరూపించుకొని దరఖాస్తు పెట్టుకొమ్మన్నది. రేవు కూలికి నివాస పత్రం ఎక్కడిది? 1964లో దుకాణాలు జాతీయం చేసిన పిదప మళ్ళీ ఓడలెక్కి వచ్చినవారి జ్ఞాపకం విశాఖపట్నంలో 'బర్మా క్యాంపు' అన్న పేరులో నేటికీ ఉన్నది. 1982లో బర్మా తన చట్టాన్ని మార్చి పౌరులను మూడు అంతస్తులుగా విభజించినది. 1823కు పూర్వం నుండి అక్కడ ఉన్న జాతులకే పై అంతస్తు. సామ్రాజ్యం పోయినా అది నేర్పిన అంతస్తుల పాఠం పోలేదు.

ఇక్కడ ఒక వాదం వినిపిస్తుంది. సామ్రాజ్యంలో ఎన్ని లోపాలున్నా, భూగోళంలో నాలుగోవంతుకు ఒకే జాతీయతను ఇచ్చినది గదా. నేటి వీసాలు, సరిహద్దులు ఆనాడు లేవు గదా అంటారు కొందరు. ఇందులో కొంత సత్యం లేకపోలేదు. ఐతే ఆ రాకపోకలు ఎవరి అవసరానికి సాగినవి? చెరకు తోటకు కూలి కావలసినపుడు దారి తెరచుకొన్నది. కూలి పౌరుడుగా నిలబడ గోరినపుడు మూసుకొన్నది. 1948 బ్రిటిష్ జాతీయతా చట్టం తరువాత కూడా ఇదే జరిగినది. యుద్ధానంతరం శ్రామికులు కావలసినంత కాలం ఇంగ్లండు తలుపులు తీసి ఉంచినది. 1962లో కామన్వెల్తు వలసదారుల చట్టంతో గడియ వేయసాగినది. 1968లో తన పాసుపోర్టే చేతబట్టుకొన్న కెన్యా భారతీయులను సైతం గుమ్మంలో నిలిపినది. హక్కు లేని పేరు తాళంచెవి లేని ఇల్లు వంటిది.

ఈ నేపథ్యంలో మన గణతంత్రం చేసిన పని ఎంత గొప్పదో గ్రహించవలె. రాజ్యాంగంలోని 5 నుండి 11 వరకు గల అధికరణాలు ప్రజను పౌరునిగా మార్చినవి. నవాబు సంస్థానంలో పుట్టినవాడు, జిల్లా కలెక్టరు ఏలుబడిలో పుట్టినవాడు అన్న భేదం ఒక్క కలంపోటుతో పోయినది. ఫ్రెంచి యానాము 1962లో చట్టరీత్యా మన దేశంలో చేరినపుడు, ఫ్రెంచి జాతీయత కావలెననుకొన్నవారికి ఆరు నెలల గడువు ఇచ్చి అడిగినారు. కోట చేతులు మారినపుడు మనిషిని "నీకు ఇష్టమేనా?" అని అడగడమంటే ఇదే. 1955 పౌరసత్వ చట్టంలో మరొక ముచ్చటైన నిబంధన ఉన్నది. సహజీకృత పౌరసత్వం కోరేవానికి రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని ఏదో ఒక భాష తగినంత వస్తే చాలును. అందులో తెలుగు ఉన్నది, ఉర్దూ ఉన్నది. 1914లో పనికిరాని మన భాషలు ఇప్పుడు పౌరసత్వానికి వాకిళ్ళు. అదే చట్టం, భారతీయులకు తమ పౌరసత్వం నిరాకరించే దేశపు పౌరునికి మన పౌరసత్వం ఇవ్వరాదని కూడా చెప్పినది. నాటాలు, కాలిఫోర్నియా నేర్పిన పాఠం అది.

దేశవిభజన వలన కలిగిన చిక్కులను కూడా దాచవలసిన పని లేదు. 1947 మార్చి 1 తరువాత పాకిస్తాను వలసపోయినవారిని గురించి 7వ అధికరణం కఠినంగానే ఉన్నది. పాకిస్తాను పాసుపోర్టుతో తిరిగివచ్చినవారు మన న్యాయస్థానాల మెట్లెక్కినారు. 1962లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కక్షిదారుగా ఉన్న ఒక వ్యాజ్యంలో సుప్రీంకోర్టు చెప్పిన మాట స్మరణీయం. పరదేశపు పాసుపోర్టు తీసుకొన్నాడన్న ఒక్క కారణంతో రాష్ట్ర ప్రభుత్వం మనిషిని వెళ్ళగొట్టరాదు. అతడు పౌరసత్వం కోల్పోయినాడా లేదా అన్నది ముందుగా కేంద్ర ప్రభుత్వం విచారించి తేల్చవలె. విచారణ ముందు, వెళ్ళగొట్టడం తరువాత. రయ్యతుకూ పౌరునికీ గల భేదమంతా ఆ 'ముందు' అన్న మాటలోనే ఉన్నది.

ఇప్పుడు విద్యార్థులను నేరుగా తాకే విషయానికి వస్తాను. 1950 జనవరి 26 తరువాత ఈ నేలపై పుట్టినవాడు, దాదాపుగా ఎవరైనా సరే, జన్మచేత పౌరుడే. 1987 జూలై 1 నుండి పుట్టినవారికి తల్లిదండ్రులలో ఒకరైనా భారత పౌరులై ఉండవలె. 2004 డిసెంబరు 3 నుండి పుట్టినవారికి ఇద్దరూ పౌరులై ఉండవలె. లేదా ఒకరు పౌరులై, రెండవవారు అక్రమ వలసదారు కాకుండా ఉండవలె. నేడు మన తరగతులలో కూర్చున్నవారిలో పలువురు ఈ మూడవ కోవకు చెందినవారే. ముత్తాతకు ఆత్మకూరులో పుట్టడమే చాలును. ఐతే ఆ పుట్టుక ఇచ్చినది ఉత్త పేరు. మనుమనికి దక్కినది హక్కులతో నిండిన పేరు. ఐతే దానికి తన పుట్టుక ఒక్కటే చాలదు, తల్లిదండ్రుల స్థితి కూడా తేలవలె. సామ్రాజ్యం పేరును ధారాళంగా ఇచ్చి హక్కును దాచుకొన్నది. గణతంత్రం హక్కును ధారాళంగా ఇచ్చి, పేరుకు నానాటికి ఎక్కువ సాక్ష్యం అడుగుతున్నది.

సరిహద్దులున్న దేశం కొంత సాక్ష్యం అడగడం తప్పు కాదు. ఐతే సాక్ష్యపు బరువు ఎవరి నెత్తిన పడుతున్నదో చూడవలె. మన పల్లెలలో పేర్ల సంగతి అందరికీ తెలిసినదే. బడి రిజిస్టరులో 'ఖాదర్ బాషా', రేషను కార్డులో 'షేక్ కాదర్‌బాష', పొలం పాసుపుస్తకంలో 'ఖాదర్ సాహెబ్'. ఆడవారి పేరు చివర ఒకచోట 'బీ', ఒకచోట 'బేగం'. హిందువుల ఇండ్లలోనూ ఇంతే. ఇంటిపేరు ఒక కాగితంలో ముందు, ఒక కాగితంలో వెనుక, పెండ్లయిన స్త్రీకి రెండు ఇంటిపేర్లు. వీరందరూ ఇక్కడివారేనని ఊరంతటికీ తెలుసు. కాగితానికి మాత్రం తెలియదు. ఆధార్ సంఖ్య పౌరసత్వానికి రుజువు కాదని 2016 నాటి ఆధార్ చట్టమే చెప్పుచున్నది. అది మాత్రం చేతిలో పెట్టుకొని నిశ్చింతగా ఉండేవారు గ్రహించవలసిన సంగతి ఇది.

2019లో చేసిన సవరణ గురించి కూడా ఒక మాట. ఆఫ్గనిస్తాన్, బంగ్లాదేశ్, పాకిస్తాన్ దేశాల నుండి 2014 డిసెంబరు 31 లోగా వచ్చిన ఆరు మతాల శరణార్థులకు అది దారి సుగమం చేసినది. ముస్లిములను ఆ పట్టికలో చేర్చలేదు. దాని నియమాలు 2024 మార్చిలో వెలువడినవి. ఆ చట్టం ఉన్న పౌరుని పౌరసత్వాన్ని తీసివేయదన్నది నిజం. పీడితులకు ఆశ్రయమివ్వడం పుణ్యకార్యమన్నదీ నిజం. ఐనా పీడనను కొలవడానికి మతాన్ని కొలబద్ద చేయకుండా ఉండవలసినదని నా నిశ్చితాభిప్రాయం. నాటాలు చట్టం పేరెత్తకుండా తలుపు మూసినది. సెర్ల్ తీర్పు మతాన్ని బట్టి పెండ్లిని కొట్టివేసినది. ఆ బాధ అనుభవించిన జాతి ఆ రెండు దారులకూ దూరంగా నడవడమే దానికి శోభ.

మతం ఒకటైనంత మాత్రాన పౌరసత్వం దక్కుతుందన్న భ్రమ కూడా వద్దు. మన ప్రాంతాల నుండి ఎందరో యువకులు కువైట్ మొదలైన గల్ఫు దేశాలకు పనికి పోతున్నారు. కువైట్ 1982లో తన జాతీయతా చట్టాన్ని సవరించి, సహజీకృత పౌరసత్వానికి ముస్లిం కావడం షరతు చేసినది. ఆ షరతు తీరినంత మాత్రాన మన శ్రామికునికి అక్కడి పౌరసత్వం చేతికి రాలేదు. అక్కడి మసీదులో ఒకే వరుసలో నమాజు చేసినవాడు కూడా కొలువు ముగిసిన నాడు విమానం ఎక్కవలసినదే. అతనికి మిగిలినది భారతదేశపు పాసుపోర్టు, దాని వెనుక ఉన్న ఈ నేల. ఆ పాసుపోర్టు విలువ దానిని పోగొట్టుకొన్నవానిని అడిగితే తెలుస్తుంది.

కనుక చేయవలసినది రెండు వైపులా ఉన్నది. ప్రభుత్వం వైపు: ఏ మనిషి పౌరసత్వాన్నైనా శంకించవలసి వస్తే విచారణ ముందుగా జరగవలె, అక్షరదోషాన్ని అపరాధంగా ఎంచరాదు, ఊరివారి నోటి సాక్ష్యానికి తగిన విలువ ఇవ్వవలె. మన వైపు: జనన మరణాల నమోదు చట్టం 1969 నుండి ఉన్నది, 2023 అక్టోబరు 1 తరువాత పుట్టినవారి జన్మ తేదీకి, జన్మస్థలానికి జనన ధ్రువపత్రమే ప్రధానమైన రుజువు. ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డనూ గడువులోగా నమోదు చేయించవలె. తల్లి పేరు, తండ్రి పేరు అన్ని కాగితాలలో ఒకే విధంగా ఉండేటట్లు చూచుకొనవలె. ఈ పని పెద్దలకు చేతకాకపోతే చదువుకొన్న పిల్లలు చేయవలె. ఈ వేసవి సెలవులలో ప్రతి విద్యార్థీ తన ఇంటి కాగితాలతోపాటు, వీధిలో చదువురాని ఒక్క కుటుంబపు కాగితాలను సరిచూచి, తప్పులుంటే మీసేవకో మండల కార్యాలయానికో వెంట పోయి దిద్దించగలిగితే, ఆ సేవ ఏ ఉపన్యాసానికీ తీసిపోదు.

మంద తనను ఎవరు లెక్కపెట్టుచున్నారని అడగదు. పౌరుడు అడుగుతాడు, తన లెక్క తానూ వ్రాసి ఉంచుకొంటాడు.